మామ కోసం వచ్చిన పని

రాజలింగం మామ పోయిన నెల చనిపోయాడు. పదకొండో రోజున వాళ్ల ఊరికి వెళ్లి షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఫ్రేములో, మెడలో కండువా, నుదుట బొట్టు పెట్టుకున్న మనిషి నాకు ఎవరో పెద్దమనిషిలా కనిపించాడు. నాకు తెలిసిన మామ సౌదీలో, యాన్బు పట్నంలో మోకాళ్ల దాకా ఎత్తికట్టిన గళ్ల లుంగీతో, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో, రాగి తీగ చుడుతూ నోట్లోనే లెక్కపెట్టుకునేవాడు. మామ అంటే మేనమామ కాదు. మా పక్క ఊరాయన. యాన్బులో బస్సు దిగిన మొదటి రోజు నా సంచీ అందుకుని, "నడువ్, అన్నం అయ్యింది" అన్నాడు. అప్పటి నుంచి మామ అయ్యాడు. అప్పటికి నాకింకా ముప్పై రాలేదు. ఆయన ఆ దేశం వచ్చి ఇరవై రెండేళ్లు.

మా గది పాత బస్తీలో, చేపల మార్కెట్టు వెనక సందులో ఉండేది. సముద్రం వైపు గాలి వీస్తే చేపల వాసన, రిఫైనరీల వైపు నుంచి వీస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన. రెండో గాలి మొదలవగానే మామ తువాలు తడిపి కిటికీకి కట్టేవాడు. మసీదులో తెల్లవారి బాంగు వినిపించకముందే లేచి, దుప్పటిని కాగితం మడిచినట్టు మడిచి, చింతపండు నానబెట్టేవాడు. ఎండుమిరపకాయలు స్టవ్ మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ చేత్తోనే పిసికి పచ్చిపులుసు చేసేవాడు. ఆ మిరపకాయల ఘాటుకు పక్కగది బంగ్లాదేశీలు దగ్గుతూ గోడ మీద కొట్టేవాళ్లు. "దగ్గుండ్రి, మంచిదే, ఛాతి సాఫైతది" అనేవాడు ఈయన తెలుగులోనే. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసేవాడు. "తిన్నవా? ... వాన పడ్డదా? ... సరే మరి." అంతే. పెట్టేశాక ఫోన్ చేతిలోనే పట్టుకుని కొంతసేపు గోడకేసి చూసేవాడు. భార్య పోసవ్వత్తతో ఆయనకున్న మాటలు అవే అనుకుంటాను. పెళ్లయిన కొత్తలో వెళ్లిపోయాడు, రెండు మూడేళ్లకోసారి రెండు నెలల సెలవు. పిల్లలు కలగలేదు.

మేం పనిచేసే దుకాణం కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే దుకాణం. వార్నిష్ వాసన బట్టలకూ అన్నానికీ పట్టేది. మామ తీగ చుట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి నేను మధ్యలో ఏదో అడిగితే జవాబు చెప్పకుండా చుట్టినదంతా విప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. "ఒక్క సుట్టు తక్కువైనా మోటర్ చెప్పదు రా. వారం దినాలు నడుస్తది, ఎనుక కాలుతది. మనం అప్పటికి ఆడ ఉండం" అన్నాడు. నాకు ఫ్యాన్లు, ఏసీ మోటార్లు ఇచ్చేవాడు. పెద్ద మోటారు విప్పేటప్పుడు పక్కన నిలబెట్టుకుని చూడమనేవాడు. నేను చూసేవాణ్ని, సగం మనసుతో.

అలాంటి రోజుల్లో నితాకత్ వచ్చింది. ప్రతి కంపెనీలో, దుకాణంలో ఇంతమందికి ఇంతమంది సౌదీలు ఉండాలని ప్రభుత్వం రూలు పెట్టింది. ఉన్నవాళ్లు ఆకుపచ్చలో, లేనివాళ్లు ఎరుపులో. మా దుకాణంలో సౌదీ అంటే నెలకోసారి వచ్చి గల్లా చూసుకుపోయే ముసలి కఫీల్, అంటే మా వీసాలకు యజమాని, ఒక్కడే. మేం ఎరుపులో పడ్డాం. ఎరుపులో ఉన్న కఫీల్ దగ్గర ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. ఇకామా లేని మనిషి పోలీసు కంటబడితే జైలు, అటునుంచటే విమానం. కాకపోతే కొన్ని నెలలు ముహ్లత్ అని గడువు ఇచ్చారు. ఆ గడువులోగా ఆకుపచ్చలో ఉన్న కఫీల్ ఎవరైనా ఒప్పుకుంటే పాత కఫీల్‌ని అడక్కుండానే అతని పేరు మీదికి మారొచ్చు. దాన్ని నకల్ కఫాలా అంటారు. లేదా ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోవాలి. బస్తీలో నలుగురు కలిస్తే అదే మాట. ఎవరికి దొరికింది, ఎవరు పోతున్నారు, ఎక్కడ వ్యాను ఆపి ఎంతమందిని ఎక్కించుకున్నారు. కూరగాయలకు పోవాలన్నా సందులు పట్టుకుని పోయేవాళ్లం.

ఊరికి పోవడం నాకు సిగ్గు. వచ్చి ఏడాదిన్నర కాలేదు. మామది సిగ్గు కాదు, భయం. ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అన్నాడు: "నాకు మా ఇంట్ల గలాసు ఏడుంటదో తెల్వది మల్లేశా. పోయినప్పుడల్లా ఆమెనే చేతికిస్తది. రెండు నెల్లంటే సరే. ఎల్లకాలం ఎట్లుండాలె?" నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ముహ్లత్ ఇక కొన్ని వారాలుందనగా మామ జిద్దా బయల్దేరాడు. అక్కడ షరఫియా బస్తీలో మనవాళ్లు గుమిగూడే చోట అడిగితే ఏదో ఒక దారి దొరుకుతుందని ఆయన ఆశ. "ఇద్దరికీ ఒక్క తాన్నే చూస్త. లేకుంటే ముందల నీకు చూస్త. శుక్రారం దాక ఆడనే ఉంట. నువ్వు బయిట తిరగకు" అని చెప్పి, డబ్బాలో చింతపండు ఎక్కడుందో కూడా చూపించి పోయాడు.

ఆ మర్నాడు, బుధవారం పొద్దున, దుకాణం ముందు జమాన్ లారీ ఆగింది. జమాన్ పెషావర్ వైపు పఠాన్. హాయిల్ తోటల నుంచి యాన్బుకు ఆలుగడ్డలు తెచ్చేవాడు. పోయిన సీజన్లో వాళ్ల తోట మోటారొకటి మా దగ్గరికి తెస్తే మామే బాగు చేసిచ్చాడు. దిగుతూనే, "బుడ్డా మిస్త్రీ కిధర్ హై?" అన్నాడు. జిద్దా పోయాడన్నాను. అతను ఉర్దూలో చెప్పుకొచ్చాడు: వాళ్ల కఫీల్ ఆకుపచ్చలో ఉన్నాడు, తోటలో మోటారు మిస్త్రీ కావాలి, ఆ ముసలాయన చేసిన మోటారు ఇంతవరకు మొరాయించలేదు, ఆయన్నే తీసుకురమ్మన్నాడు, నకల్ కఫాలాకు సిద్ధంగా ఉన్నాడు. "రేపు పొద్దున నమాజ్ కాగానే ఖాళీ బండి తిరిగిపోతుంది. ఆయన నంబరివ్వు, మాట్లాడతా" అని జేబులోంచి ఫోన్ తీశాడు.

"వో తో ఎగ్జిట్ జా రహా హై," అన్నాను. "కాగజ్ భీ హో గయా." ఇంటికి పోతున్నాడని, కాగితాలు కూడా అయిపోయాయని.

జమాన్ అయ్యో అన్నట్టు తలాడించి, ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

"మై భీ మిస్త్రీ హూఁ. ఉన్హీసే సీఖా." నేనూ మిస్త్రీనే, ఆయన దగ్గరే నేర్చుకున్నానని.

అతను నా చేతులకేసి చూశాడు. తర్వాత మొహంలోకి. "బడా మోటర్ కర్‌తే?" అంటే, కర్‌తా అన్నాను. చాలా ఏళ్లు నాకు నేను, భయంలో నోరు జారింది అని చెప్పుకున్నాను. అది నిజం కాదు. అతను నంబరు అడిగినప్పుడు నాకు ఆలోచించుకునేంత వ్యవధి దొరికింది. ఆలోచించుకునే చెప్పాను.

గురువారం తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక లారీ ఎక్కాను. రెండు జతల బట్టలు, ఒక కటింగ్ ప్లేయర్, మామ కొలతపెట్టె. దాన్ని మైక్రోమీటర్ అంటారని కూడా అప్పట్లో నాకు సరిగ్గా తెలీదు. అడక్కుండానే తీసుకున్నాను. బస్సులో పోయే దారి నాకు లేదు. అది మదీనా ఊళ్లోంచి పోతుంది. ముస్లిములు కానివాళ్లు పెద్ద బోర్డు దగ్గర ఊరి బయటి రోడ్డుకు తిరగాలి. ప్రతిసారీ ఊళ్లో ఆగి మసీదులో నమాజు చేసుకుని పోతానని జమాన్ చెప్పాడు. ఆ రోజు బోర్డు రాగానే మాట్లాడకుండా స్టీరింగ్ బయటి రోడ్డుకు తిప్పాడు. నేను అతనికేసి చూస్తే, "అగ్లీ బార్", వచ్చేసారి అని నవ్వాడు. నాకోసం ఒక మనిషి తన నమాజు వదులుకున్నాడు, నేనతనికి అబద్ధం చెప్పి పక్కన కూర్చున్నాను.

మదీనా దాటిన కొంతసేపటికి చెక్‌పోస్టు వచ్చింది. పోలీసు కుర్రవాడు నా ఇకామా అటూ ఇటూ తిప్పి, తేదీ దాటిపోయిందని వేలితో చూపించాడు. జమాన్ అరబ్బీలో నకల్ కఫాలా, హాయిల్, ముహ్లత్ అని ఏదో చెబుతూనే ఉన్నాడు. మమ్మల్ని పక్కకి ఆపి, అతను కార్డు పట్టుకుని గదిలోకి పోయాడు. అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. మామ. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. "ఉఠావ్ నా, ఘర్‌వాలే హోంగే" అన్నాడు జమాన్, ఇంటివాళ్లేమో ఎత్తమని. ఫోన్ కంపెనీ కాల్ అని చెప్పి సైలెంట్‌లో పెట్టాను. నా భయం పోలీసు గురించో ఫోన్ గురించో నాకే తెలియలేదు. చాలాసేపటికి పోలీసు వచ్చి కార్డు కిటికీలోంచి నా ఒళ్లోకి పడేసి, పొమ్మని చెయ్యూపాడు.

పొద్దుగూకే ముందు హాయిల్ చేరాం. ఎర్రరాతి కొండలు, చల్లగాలి. తోటలోకి మలుపు తిరగగానే తడిమట్టి వాసన వచ్చింది. ఏడాదిన్నర తర్వాత అదే మొదటిసారి ఆ వాసన. కళ్లలో నీళ్లు తిరిగాయి. కఫీల్ అబూ నాసిర్ కారు దిగి వచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, "షైబా ఏడీ?" అన్నాడు జమాన్‌తో. షైబా అంటే ముసలాయన. జమాన్ నేను చెప్పిందే చెప్పాడు. అబూ నాసిర్ నన్ను ఒక షెడ్డు దగ్గరికి తీసుకుపోయాడు. పొలంలో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పెద్ద పైపు యంత్రానికి నీళ్లు తోసే మోటారు అక్కడ కాలి పడివుంది. వెనక ఎకరాలకెకరాల ఆలుగడ్డ మొక్కలు, అంచుల్లో ఆకులు వేలాడేసి ఉన్నాయి. జమాన్ మాటలు మార్చి చెప్పాడు: ఈ మోటారు నడిస్తే ఆఫీసుకు పోయి నీ పేరు రాయిస్తాడు. నడవకపోతే సోమవారం మధ్యాహ్నం నా బండిలోనే నువ్వు వెనక్కి.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాను. మోటారు విప్పి, మాడిన తీగలు చూసి, ఉలి పెట్టి ఒక పక్క అంతా కోసేశాను. కోసింది కింద కుప్పగా పడ్డాక గుర్తొచ్చింది. పాత తీగ కోసే ముందు ఎన్ని చుట్లున్నాయో, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి పోయిందో, తీగ మందమెంతో రాసుకోవాలి. ప్రతిసారీ మామ బీడీ పెట్టె వెనక రాసుకునేవాడు. నేను పక్కనే నిలబడి చూసేవాణ్ని. అవేవీ లేకుండా కొత్త తీగ చుట్టడమంటే చీకట్లో బాణం వేయడమే. అబూ నాసిర్ రెండుసార్లు కారులో వచ్చి, దిగకుండా చూసి పోయాడు. మధ్యాహ్నం దాకా ఆ మోటారు ముందు ఊరికే కూర్చున్నాను. ఆ దేశంలో నాకు జవాబు చెప్పగల మనిషి ఒక్కడే.

మామ ఫోన్ ఎత్తగానే వెనక షరఫియా శుక్రవారం గోల వినిపించింది.

"ఏడున్నవ్ రా? రెండు దినాల సంది ఎత్తుతలేవు. పట్టుకపోయిండ్రనుకొని ఈడ అందర్నీ అడుగుతున్న!"

"హాయిల్ల ఉన్న మామా. పని... పని దొరికింది."

గోల ఒక్కటే వినిపిస్తోంది. ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"మామా, తప్పు చేసిన. పెద్ద మోటర్. లెక్క రాసుకోకుండనే కోసిన."

"కోసినవా?" గొంతు మారిపోయింది. "రెండు దిక్కులా?"

"ఒక్క దిక్కే."

"గాడిలకెల్లి తీగెలు గుంజినవా?"

"ఇంకా గుంజలే."

"గుంజకు. చెయ్యి వెట్టకు. కోసిన దిక్కు ముఖం జూడు. ఒక్కొక్క గాడిల తీగె కొసలు కనవడ్తయి గదా? అవి లెక్కవెట్టు. అవే సుట్లు. నాలుగు గాడిలల్ల లెక్కవెట్టి ఒక్కతీరు అచ్చిందా జూడు. కోయని దిక్కు నుంచి ఏది ఏ గాడిలకు పోయిందో గీత గీసుకో. నేను ఫోన్ మీదనే ఉంట."

లెక్కపెట్టాను. ఒకసారి ఒకటి ఎక్కువ, ఇంకోసారి ఒకటి తక్కువ. "మల్ల వెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టాను. ఆయన మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపిస్తూ అవతల నిలబడ్డాడు. నా ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయి లైను కట్టయింది. ఆయనే మళ్లీ చేశాడు. మళ్లీ కట్టయింది, మళ్లీ చేశాడు. తీగ మీది పూత కాల్చి కొలవమన్నాడు. "కొలిచేది ఉన్నదా?" అన్నాడు. "నీదే తెచ్చిన" అన్నాను. సాయంత్రం అంగళ్లు తెరిచాక జమాన్‌తో పట్నం పోయి ఏ తీగ అడగాలో, అది దొరక్కపోతే ఏది అడగాలో చెప్పాడు. అంతా అయ్యాక ఇక పెట్టేస్తాడనుకున్నాను.

"జమాన్ బండ్లనే పోయినవా?"

"ఆఁ మామా."

"వార్నిష్ ఆరినంకనే నడుపు. తడి మీద నడుపకు" అని ఫోన్ పెట్టేశాడు.

శనివారమంతా చుట్టాను. నోట్లో లెక్క తప్ప మాట లేదు. ఆదివారం ఎండలో ఆరబెట్టాను. సోమవారం పొద్దున అబూ నాసిర్, జమాన్ ఇద్దరూ షెడ్డు గుమ్మంలో నిలబడ్డారు. లారీ నిండా ఆలుగడ్డలెక్కి ఉంది. స్విచ్చు వేశాను. మోటారు ఒకసారి ఉలిక్కిపడి, సన్నగా ఒకే తీరున పాడటం మొదలుపెట్టింది. అబూ నాసిర్ దాని మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచాడు, వేడెక్కుతుందేమోనని. దూరంగా పైపు చివర నీళ్లు లేచాయి. "జైన్" అన్నాడు. బాగుందని. ఆ వారంలోనే నా ఇకామా ఆయన పేరు మీదికి మారింది.

మామకు షరఫియాలో ఏమీ దొరకలేదు. యాభై దాటిన మనిషిని ఎవరు రాయించుకుంటారు? గడువు ముగిసే ముందు ఎగ్జిట్ మీద పోయాడని ఎవరో చెబితే తెలిసింది. నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

హాయిల్లో ఐదేళ్లున్నాను. ఆ ఐదేళ్లలో ఒక్క మోటారునూ లెక్క రాసుకోకుండా విప్పలేదు. తర్వాత లెవీలు వచ్చాయి. బయటి దేశపు పనివాడు ఒక్కొక్కడి మీదా నెలనెలా కఫీల్ పన్ను కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. పన్నెండుమందిమి ఉన్న తోటలో నలుగురు మిగిలారు. అబూ నాసిర్ నన్ను పిలిచి, నేల చూస్తూ విషయం చెప్పి, విమానాశ్రయం దాకా తన కారులోనే దింపాడు. ఒక చట్టం నన్ను హాయిల్‌కు తెచ్చింది, ఇంకొకటి అక్కణ్నుంచి పంపించింది. మధ్యలో నేను నా అంతట నేను చేసిన పనల్లా బుధవారం పొద్దున దుకాణం ముందు చెప్పిన రెండు ముక్కలు.

వచ్చిన వారంలోనే మామ ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, లోపలికి తిరిగి, "ఓ, మల్లేశం అచ్చిండు, జర చాయ పెడ్తరా?" అన్నాడు. సొంత భార్యను 'పెడ్తరా' అని మర్యాదగా అడిగే మనిషిని మా వైపు నేనింకెక్కడా చూడలేదు. పోసవ్వత్త చాయ తెచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను ఐదేళ్లుగా మోసినదాన్ని దించేసుకోవాలన్న తొందరలో ఉన్నాను. చుట్టూ చూడలేదు. అంతా చెప్పేశాను. జమాన్ అడిగింది మామను. నేను అబద్ధమాడి ఎక్కాను. లేకపోతే మామ హాయిల్ పోయి ఉండేవాడు.

మామ చాయ గ్లాసు కింద పెట్టాడు. "నాకు ఆ దినమే తెలిసింది. జమాన్ తర్వాత దుకాణంల నంబరు తీస్కొని ఫోన్ గూడ చేసిండు. నీ మీద కోపం మస్తు ఉండె. ఇప్పుడు లేదని జెప్ప. కొంచెం ఉన్నది."

"మరి ఫోన్ మీద అన్నీ ఎందుకు చెప్పినవ్ మామా?"

"మోటర్ కోసి వెట్టినవ్ గదా రా. గట్ల ఇడిసిపెడ్తమా?"

అప్పుడు పోసవ్వత్త అంది, మెల్లగా, నాతో కాదు, మామతో: "నువ్వు నాకోసం అచ్చిన అంటివి గదా?"

మామ కింద పెట్టిన గ్లాసు మళ్లీ అందుకున్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. నన్ను రోడ్డు దాకా సాగనంపుతూ మామ అన్నాడు: "ఆ ముచ్చట నాతోని చెప్తే అయిపోవు. ఆమె ముంగట చెప్పకపోతే ఏంబోయె?" యాన్బులో చేసిన తప్పుకు నా దగ్గర సాకులున్నాయి. పోలీసు, ఇకామా, వయసు. ఇంటి అరుగు మీద, ఎవరి భయమూ లేని చోట, నా బరువు దించుకోవడానికి చేసిన ఈ రెండో తప్పుకు ఏ సాకూ దొరకలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ ఇంటికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఫోన్లో మాత్రం అప్పుడప్పుడు ఏదో మోటారు సందేహం అడిగేవాణ్ని, నాకు తెలిసినదే అయినా.

ఇప్పుడు కోరుట్లలో నాకు సొంత దుకాణం ఉంది. ఏ మోటారు లెక్క కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది, చుట్టడానికి మిషన్ ఉంది. అది లెక్క తప్పదు, మధ్యలో ఎవరు మాట్లాడినా దానికి ఒకటే. మా దగ్గరికి వచ్చే రైతు సౌదీ ఎట్లుంటదని అడిగితే ఎండ, చలి, జీతం చెబుతాను. ఒక దేశం రంగులు మారిస్తే రెండు రోజుల్లో నేనెలాంటి మనిషినయ్యానో చెప్పను.

పదకొండో రోజు భోజనాలయ్యాక అందరూ లేస్తుంటే పోసవ్వత్త నన్ను లోపలికి పిలిచింది. కోపగించుకుంటుందేమోనని తల వంచుకుని పోయాను. వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుని, పక్కన కూర్చోమంది. కళ్లు వాచి ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

"నువ్వు అచ్చి చెప్పిపోయిన ఆ దినం ఆయనను అడిగిన బిడ్డా. ఆ పని నీకే దొరుకుతే పోదువా అని. పోదును అన్నడు. అబద్ధం ఆడలే. నెల దినాలు నేను మాట్లాడలే. ఇగ ఆయనే కొట్లాటకు దిగిండు. కూరల ఉప్పు లేదనుడు, పచ్చిపులుసు నీకు రాదు జరుగు అనుడు, నా మీద ఒర్రుడు. నేనూ ఒర్రిన. మొన్న పానం పోయే వారం ముందు గూడ కొట్లాడినం." కొంగుతో మొహం తుడుచుకుంది. "అంతకు ముందు ఐదేండ్లు ఆయన నా ఇంట్ల సుట్టమోలె ఉన్నడు."